తెల్ల కారుకి రెక్క

ఫైబరు మేస్త్రి గారికి,

మీరెవరో చూడకుండానే మీ మీద ఆశలన్నీ పెట్టుకున్న ఒక పళ్ళ డాక్టరు నమస్కారాలు.

మీకు ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎవరూ ఎత్తడం లేదు. మీ అడ్రసు ఇచ్చిన మెకానిక్కుని అడిగితే "ఆయనకి ఉత్తరం రాయాల్సిందే సార్, ఇంకో దారి లేదు" అన్నాడు. నాకూ అదే మంచిది. ఇది ఇంట్లో గట్టిగా మాట్లాడగలిగే విషయం కాదు.

నాకు రెండు తలుపుల స్పోర్ట్స్ కారు ఉంది. తెల్లది. నేను కొన్న కొన్నాళ్ళకే మా తోడల్లుడు, అంటే మా ఆవిడ చెల్లెలి మొగుడు, సరిగ్గా అదే కారు ఎర్రది కొన్నాడు. పోనీలే అనుకున్నాను. అక్కడితో ఊరుకున్నాడా? దానికి ఫైబరు సొగసులు చేయించాడు. ముందు బంపరు కింద నేలని నాకుతున్నట్టు ఒక లిప్పు, పక్కల తలుపుల కింద గౌను అంచుల్లా స్కర్టులు, వెనక డిక్కీ మీద ఒక రెక్క. మొన్న మామగారింటి ముందు ఆ కారు ఆపితే, మా ఆవిడ బయటికి వచ్చి, రెండు చేతులూ బుగ్గల మీద పెట్టుకుని, "ఎంత బాగుందో!" అంది.

మేస్త్రి గారూ, మా పెళ్ళయి ఇన్నేళ్ళయింది. క్లినిక్ పెట్టాను, ఇల్లు కట్టాను, మీసం తీసేశాను. ఏ ఒక్కదానికీ ఆవిడ నోట ఆ మాట రాలేదు. వాడి బంపరుకి వచ్చింది. అసూయ అంటారా? అనండి. కడుపులో మంటకి ఇంకో పేరు పెడితే చల్లారుతుందా?

నాకూ అవే కావాలి. కాకపోతే ప్రతిదీ వాడి దానికన్నా కాస్త పెద్దదిగా ఉండాలి. మామగారి పెళ్ళిరోజు వస్తోంది. ఆ రోజు రెండు కార్లూ పక్కపక్కనే నిలబడతాయి. మా ఆవిడ నా కారు వైపు చూసి, అందరూ వినేలా, ఆ మాట అనాలి. అంతకు మించి నాకేం వద్దు.

నమూనా కూడా పంపుతున్నాను. మా తోడల్లుడు భోంచేసి కునుకు తీస్తుండగా వాడి కారు కింద దూరి, పళ్ళ అచ్చు తీసే ముద్దతో ఆ లిప్పు అచ్చు తీశాను. నోట్లో పట్టే ట్రేలు కదా, బోలెడు ముక్కలయ్యాయి. ఏది ఎడమో ఏది కుడో ప్రతి ముక్క మీదా రాశాను. మధ్యలో అత్తగారు వచ్చి వంగి చూశారు. "కారు చిగుళ్ళు చూస్తున్నానండీ" అన్నాను. "మా పెద్దల్లుడికి ఎంత శ్రద్ధో" అనుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు.

మీ జవాబు కోసం గుమ్మంలోనే కాపలా ఉండే
పళ్ళ డాక్టరు

తా.క.: ముద్దకి పుదీనా వాసన వస్తుంది. పిల్లలు పేచీ పెట్టకుండా నోరు తెరుస్తారని అలా తయారుచేస్తారు. మీరు కంగారు పడి నోరు తెరవకండి.

*

డాక్టరు గారికి,

ఫైబరు పనిలో తనని మించినవాడు లేడని తెలిసిన మేస్త్రి రాసేది ఏమిటంటే,

నేను ఫోను ఎత్తను. ఒకసారి ఫైబరుకి పోసే రెజిన్ జిగురు అంటిన చేత్తో ఎత్తితే చెవికి అతుక్కుపోయింది. అవతల మాట్లాడుతున్నది మా పెద్దమ్మ. ఆవిడ చెప్పేవన్నీ అయ్యేదాకా వినాల్సి వచ్చింది. అప్పటినుంచి ఉత్తరాలే.

మీ పార్శిలు విప్పగానే నాకు ఒళ్ళు మండిపోయింది. పుదీనా వాసనకి కాదు, ఆ వంపు చూసి. ఆ వంపు మా అన్న చెయ్యి. పక్క వీధిలోనే వాడి షెడ్డు. ఒకప్పుడు ఇద్దరం ఒకే కప్పు కింద పనిచేసేవాళ్ళం. విడిపోయాక ఎవర్ని కదిపినా "పెద్ద మేస్త్రి చెయ్యే చెయ్యి" అంటున్నారు. ఆ మాట విన్న పూట నాకు అన్నం సయించదు. వాడి షెడ్డు ముందు కార్లు వరసగా నిలబడటం నా కిటికీలోంచి కనిపించేది. కిటికీ అద్దానికి నల్లరంగు పూశాను. ఇప్పుడు హారన్లు వినిపిస్తున్నాయి.

కాబట్టి మీ పని ఒప్పుకున్నాను. మీ తోడల్లుడి మీద మీకున్నది, మా అన్న మీద నాకున్నది, రెండూ కలిపి రెజిన్లో పోస్తాను. సరుకు గట్టిగా వస్తుంది. ముందు లిప్పు చేసి పంపుతాను. అది మీ కారుకి పెట్టి చూసి, కళ్ళు తిరిగి పడిపోకుండా ఉంటే, మిగతావి మొదలుపెడదాం.

వంపుల్లో ఇంపులు ఎరిగిన
మేస్త్రి

తా.క.: ముక్కల మీద మీరు రాసిన ఎడమ కుడి నేనే దిద్దుకున్నాను. కస్టమర్లందరూ కారుకి ఎదురుగా నిలబడి, తమ ఎడమచేతి వైపుది ఎడమ అనుకుంటారు. మెకానిక్కులకి కారు ఎడమే ఎడమ. అందుకని మీరు ఎడమ అన్నదల్లా కుడి పక్క పెట్టి అతికించాను. థాంక్స్ చెప్పక్కర్లేదు.

*

మేస్త్రి గారికి,

కళ్ళు తిరిగి పడిపోయి, లేచి కూర్చున్న పళ్ళ డాక్టరు రాయడం ఏమనగా,

లిప్పు వచ్చింది. మెకానిక్కు ఒక చివర, నేనొక చివర పట్టుకుని బంపరు కింద ఆనించాం. కట్టుడు పళ్ళు ఇంట్లో మర్చిపోయి ఫంక్షనుకి వచ్చిన పెద్దాయన మొహం ఎలా ఉంటుందో నా కారు అలా ఉంది. మధ్యలో లోపలికి పీక్కుపోయింది, చివర్లు కిందికి జారిపోయాయి. పైగా రెండు పక్కలా పొట్టి. ఇటు లాగితే అటు చాలదు, అటు లాగితే ఇటు చాలదు. మెకానిక్కు చాలాసేపు నవ్వు ఆపుకుని, ఇక ఆగలేక, నీళ్ళు తాగొస్తానని వెళ్ళిపోయాడు.

అదే సమయానికి మా ఆవిడ వచ్చింది. కారు ముందు నిలబడి తల ఒక పక్కకి వాల్చి చూసి, "ఏమైందండీ దీనికి, అలిగిందా?" అంది. వాడి కారుకేమో రెండు చేతులూ బుగ్గల మీదికి వెళ్ళాయి. నా కారుకి కొంగు నోటికి అడ్డం వెళ్ళింది. నాకు ఎలా ఉంటుందో మీరే చెప్పండి.

ఇది చాలదని సాయంత్రం తోడల్లుడు ఊరికే పలకరించడానికి వచ్చాడు. కారుకి దుప్పటి కప్పేశాను. "అన్నయ్యా, కారుకి జ్వరమా?" అన్నాడు. వాడి పళ్ళు చాలా బాగుంటాయి మేస్త్రి గారూ. ఒక్కటంటే ఒక్కటి పుచ్చలేదు. అదొక కడుపుమంట నాకు.

మీ సంజాయిషీ కోరుతూ,
పళ్ళ డాక్టరు

తా.క.: మీ తాజా కలం ఇప్పుడే చూశాను. అయ్యా, నేను పళ్ళ డాక్టర్ని. రోగికి ఎదురుగా నిలబడి రోగి ఎడమనే ఎడమ అనడం మాకు మొదటి పాఠం. నేను రాసింది కారు ఎడమే. దాన్ని మీరు దిద్దారు. ఎవరు దిద్దమన్నారు?

*

డాక్టరు అని చెప్పుకుంటున్న వారికి,

మోసం కనిపెట్టేసిన మేస్త్రి రాసేది,

ఎడమ కుడి సంగతి ఒప్పుకుంటాను. కస్టమరు సరిగ్గా చెప్పడం నా అనుభవంలో లేదు. కానీ పొట్టి? నా చేతిలో సరుకు పొట్టిగా రావడం ఎప్పుడూ జరగలేదు. మీ అచ్చుముక్కలు మళ్ళీ తీసి చూశాను. అవి చిక్కిపోయాయి! ఎండిన వడియాల్లా ముడుచుకుని, ఒకదానికొకటి అందకుండా ఉన్నాయి. రోజురోజుకీ చిక్కిపోయే అచ్చు పంపించి నా పేరు చెడగొట్టాలనే ఆలోచన ఎవరికి వస్తుంది? మా అన్నకి వస్తుంది.

ఇంకో సాక్ష్యం కూడా ఉంది. మీ రెండో ఉత్తరం వచ్చిన పొద్దున కిటికీ నల్లరంగు కాస్త గీకి చూస్తే, మా అన్న వాడి షెడ్డు గుమ్మంలో నిలబడి నవ్వుతున్నాడు. ఒంటరిగా! ఎందుకు నవ్వాడు? మీరు వాడి మనిషి. తోడల్లుడూ లేడు, ఎర్ర కారూ లేదు, బుగ్గల మీద చేతులు పెట్టుకున్న ఆవిడా లేదు. అంతా మా అన్న అల్లిన కథ. అయినా అంత పెద్ద డాక్టరు ఇంకొకడి కారు కింద ఎందుకు దూరతాడు?

ఇకపైన అచ్చులు, ముక్కలు నా దగ్గర సాగవు. నిజంగా కారంటూ ఉంటే నా షెడ్డు ముందుకు తెచ్చి నిలబెట్టండి. బండి మీదే కొలిచి, బండి మీదే చేస్తాను.

మోసపోయినా తల వంచని
మేస్త్రి

తా.క.: మీరు నిజంగా పళ్ళ డాక్టరే అయితే ఈ పరీక్షకి జవాబు రాయండి. కింది దవడలో చివరి పన్ను చల్లటి నీళ్ళు తాగితే జివ్వుమంటోంది, ఎడమవైపు. నా ఎడమ. ఏం చేయాలి?

*

మేస్త్రి గారికి,

మీ అన్నగారి మొహం కూడా ఎరగని పళ్ళ డాక్టరు ఒట్టేసి రాసేది,

ముందుగా పరీక్షకి జవాబు. ఆ పన్నుకి పుచ్చు మొదలైంది. లోతు తక్కువైతే నింపాలి, ఎక్కువైతే లోపలి నరం తీయాలి. అప్పటిదాకా చల్లటివి తాగకండి, ఆ వైపు నమలకండి. వచ్చి చూపించుకోండి.

పొట్టి సంగతి. తప్పు నాదే. ఆ ముద్ద నోట్లోంచి తీసిన వెంటనే అందులో ప్లాస్టరు పోసెయ్యాలి. ఆలస్యమైతే తడి ఆరిపోయి ముడుచుకుంటుంది. మా అసిస్టెంటుకి రోజూ ఇదే చెప్పి విసిగిస్తాను. అలాంటివాణ్ణి దాన్ని పార్శిలు కట్టి ఊళ్ళు దాటించాను. వాడి రెక్క కళ్ళ ముందు ఆడుతుంటే చదివిన చదువు గుర్తుకురాలేదు.

కారు పంపుతున్నాను. నాకు క్లినిక్ వదిలి రావడం కుదరదు. మా ఆవిడకి మీ ఊళ్ళోనే పిన్ని ఉంది. "నేను తీసుకెళ్తాను, పిన్నిని చూసినట్టూ ఉంటుంది" అంది. ఆవిడ నాకన్నా బాగా నడుపుతుంది, ఆ విషయం మీరు ఆవిడతో అనకండి.

ఒక్కటి బతిమాలుకుంటున్నాను. ఇదంతా ఎందుకు చేయిస్తున్నానో ఆవిడకి తెలియకూడదు. తోడల్లుడి పేరు ఎత్తొద్దు. అడిగితే, ఇంజను చల్లబడటానికి ఇవి తప్పనిసరి అని చెప్పండి. పెళ్ళిరోజు దగ్గరపడుతోంది. నా సంసారంలో ఒక్క మాట వినపడటం మీ చేతిలో ఉంది.

మీ మీదే భారం వేసిన
పళ్ళ డాక్టరు

తా.క.: పని జరుగుతుండగా ఆవిడ ఎప్పుడైనా "బాగుంది" అంటే, ఎలా అందో, చేతులు ఎక్కడ పెట్టుకుందో, ఉన్నది ఉన్నట్టు రాయండి.

*

డాక్టరు గారికి,

అనుమానించినందుకు సిగ్గుపడుతూ మేస్త్రి రాసేది,

కారు వచ్చింది, అమ్మగారు వచ్చారు. మీరు నిజమైన మనిషేనని తేలిపోయింది. నోరు తెరిస్తే పుదీనా గుర్తొచ్చేంతగా మిమ్మల్ని తలుచుకుంటున్నాను.

ఇంజను చల్లబడటానికి అని మీరు చెప్పమన్నట్టే చెప్పాను. "ఇంజను ముందుంటే రెక్క వెనకెందుకండీ?" అన్నారు అమ్మగారు. నాకు లోపల పని గుర్తొచ్చింది.

మొదటి రోజు కారు దింపి వెళ్ళిపోతారనుకున్నాను. రేకు డబ్బా బోర్లించుకుని కూర్చున్నారు. అప్పటినుంచి రోజూ వస్తున్నారు. మైనం ఎందుకు రాస్తారు, రెజిన్లో గట్టిపడే మందు ఎంత కలుపుతారు, లోపల గాలిబుడగ మిగిలితే ఏమవుతుంది, అన్నీ ఆవిడకి కావాలి. ఇన్నేళ్ళలో నా పని గురించి ఇన్ని ప్రశ్నలు అడిగినవాళ్ళు లేరు. పుట్టీ రుద్దిన చోట కళ్ళు మూసుకుని అరచేత్తో తడిమి, "ఇక్కడ ఎత్తుగా ఉంది మేస్త్రి గారూ" అంటారు. ఉప్పు కాగితం వేసి చూస్తే నిజంగానే ఎత్తు. నిన్న టిఫిన్ క్యారియర్ కూడా తెచ్చారు. నేను ఎడమవైపు నమలకుండా తిన్నాను. అది చూసి "మా ఆయన చెప్పారా?" అని నవ్వారు.

లిప్పు, స్కర్టులు అయిపోయాయి. బండి మీదే కొలిచి చేశాను కాబట్టి గోరు దూరడానికి కూడా సందు లేదు. ఇక రెక్క. రెక్క గురించి నన్నేమీ అడక్కండి. అమ్మగారు ఒక సంగతి మీకు చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకున్నారు. ఒట్టు వేశాను కాబట్టి ఆ సంగతి ఉందని మాత్రమే రాస్తున్నాను.

ఇన్నాళ్ళకి షెడ్డు ఊడ్చుకున్న
మేస్త్రి

తా.క.: మీరు అడిగారు కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. మొన్న అమ్మగారు రెండు చేతులూ బుగ్గల మీద పెట్టుకుని, కళ్ళు ఇంత చేసుకుని, "ఎంత బాగుందో!" అన్నారు. కారుని కాదు. కారుకి ఇంకా రంగు పడలేదు. నేను రెజిన్ కలిపే పద్ధతి చూసి అన్నారు.

*

మేస్త్రీ,

గారు ఎందుకు రాయలేదో మీకే తెలియాలి.

రెజిన్ కలిపే పద్ధతా? నేను రోజూ సిమెంటు కలుపుతాను, పళ్ళల్లో నింపడానికి. అద్దం మీద, మెత్తగా, ఒక్క ఉండ లేకుండా. ఎన్నడైనా వచ్చి చూసిందా? ఎన్నడైనా నా క్లినిక్కులో డబ్బా బోర్లించుకుని కూర్చుందా? పైగా ఒట్లు! ఆలుమగల మధ్య లేని ఒట్టు మీకూ మా ఆవిడకీ మధ్య ఎందుకు పుట్టింది?

పెళ్ళిరోజు అయిపోయింది. వినండి ఏం జరిగిందో. నా తెల్ల కారు మామగారింటి ముందు నిలబడితే వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. తోడల్లుడు దాని చుట్టూ తిరిగి తిరిగి గుటకలు మింగాడు. వాడి మొహం మాడిపోయింది. నేను ఎన్నాళ్ళుగానో కోరుకున్నది అదే. అప్పుడు మా ఆవిడ వచ్చి, ఆ రెక్క మీద చెయ్యి వేసి నిమురుతూ, అందరిముందూ, "ఎంత బాగుందో కదా!" అంది.

నా గుండె ఆగినంత పనైంది. ఆగితే బాగుండేది. "ఎవరు చేశారమ్మా?" అని మామగారు అడిగితే మా ఆవిడ నావైపు చూసి నవ్వి, "అది చెప్పకూడదు నాన్నా" అంది. భోజనాల దగ్గర ఇక ఒకటే పాట. మేస్త్రి గారు ఇలా చేస్తారు, మేస్త్రి గారు అలా రుద్దుతారు, ఆయన దగ్గర కూర్చుంటే పొద్దే తెలియదు. తోడల్లుడి మీద పడ్డ అసూయ అసూయే కాదని అప్పుడు తెలిసింది. మీ మీద పడుతున్నదే అసలు సరుకు.

ఆడవాళ్ళు లోపల కబుర్లలో ఉండగా బయటికి వచ్చాను. తోడల్లుడు ఇంకా అక్కడే నిలబడి, "అన్నయ్యా, ఈ రెక్క..." అంటూ నీళ్ళు నమిలాడు. "తీసుకో" అన్నాను. స్పానరు తెచ్చి, బోల్టులు విప్పి, నా చేతులతో వాడి కారులో పెట్టాను. లిప్పు, స్కర్టులు కూడా ఇద్దామనుకున్నాను. మీ రెజిన్ వదల్లేదు. వాడు నన్ను కౌగిలించుకుని, మనసు మార్చుకుంటానేమోనని వెంటనే బండి ఎక్కి వెళ్ళిపోయాడు. మా ఆవిడ పుట్టింట్లో ఆగింది, ఇంకా చూడలేదు.

మీ చెయ్యి పడ్డ రెక్క నా కారు మీద లేదు. హాయిగా ఉంది.

మీకు ఏమీ కాని
పళ్ళ డాక్టరు

తా.క.: మీ పన్ను సంగతి ఇంకెవరికైనా చూపించుకోండి. త్వరగా చూపించుకోండి, ఆలస్యమైతే నరం దాకా పోతుంది.

*

డాక్టరు గారికి,

ఒట్టు తప్పుతున్న మేస్త్రి ఉరుకుల మీద రాసేది,

ఆ రెక్క మీద నా చెయ్యి పడలేదు. అది అమ్మగారు చేశారు. మొదటినుంచి చివరిదాకా ఆవిడే. నన్ను ముట్టుకోనివ్వలేదు. అచ్చుకి మైనం రాసి, ఫైబరు పొర మీద పొర పరిచి, ఒక్కొక్క గాలిబుడగా రోలరుతో నొక్కి, ఎండాక ఉప్పు కాగితంతో రుద్దారు. జుట్టంతా తెల్ల పొడి, కనుబొమ్మలు కూడా కనిపించేవి కావు. ఒకసారి వంకర వస్తే అంతా పగలగొట్టి మళ్ళీ మొదలుపెట్టారు. నేను పక్కన నిలబడి మందు కలిపి ఇచ్చాను, అంతే. రెజిన్ కలిపే పద్ధతి చూసి బాగుందన్నది ఆవిడ అది నేర్చుకుంటున్నారు కాబట్టి. నేర్చుకుంటున్నారన్నది మీకు రాయకూడదు, బాగుందన్నది దాచలేకపోయాను.

ఎందుకమ్మా ఇంత కష్టం అని అడిగాను. "మా మరిది గారి కారు చూసినప్పటినుంచీ ఆయన కుళ్ళిపోతున్నారు మేస్త్రి గారూ, నాకు తెలియదనుకుంటున్నారు" అన్నారు. మరి ఆ రోజు ఆ కారు బాగుందని మీరే అన్నారట కదా అన్నాను. "చెల్లెలు నా మొహంలోకే చూస్తుంటే బాగోలేదని ఎలా అంటానండీ?" అన్నారు. కాసేపు రుద్దుకుంటూ ఉండి, మళ్ళీ ఆవిడే అన్నారు: "ఆయనకి ఆ మాట నోటితో చెప్పాలని నాకు తోచలేదు. పళ్ళ డాక్టరు కదా, నవ్వితే చాలనుకున్నాను."

అందుకే అందరిముందూ మీవైపు చూసి నవ్వారు. మీరేమో స్పానరు తెచ్చారు.

ఇప్పుడు రెక్క ఎక్కడుందో చెబుతాను, కూర్చుని చదవండి. మీ తోడల్లుడు దాన్ని తిన్నగా మా అన్న షెడ్డుకి తెచ్చాడు. మా అన్న దాన్ని భుజాన వేసుకుని, విడిపోయాక మొట్టమొదటిసారి నా గుమ్మం తొక్కాడు. వెలుగులో అటూ ఇటూ తిప్పి, "ఇది ఎవరి చెయ్యిరా? నీది కాదు, నీకింత ఓపిక లేదు" అన్నాడు. మొహం నల్లగా మాడిపోయి ఉంది. డాక్టరు గారూ, మా అన్న మొహంలో అసూయ చూడాలని ఇన్నేళ్ళు కాచుకున్నాను. చూశాను. అదీ నా పనిని చూసి కాదు.

రెక్క మళ్ళీ వాడి షెడ్డుకే పోయింది. మీ తోడల్లుడికి బోల్టుల మీద నమ్మకం లేదట. రేపు పొద్దున రెజిన్ పెట్టి శాశ్వతంగా అతికించమన్నాడట. మా అన్న రెజిన్ గురించి నేను పొగడకూడదు గానీ, పట్టుకుంటే డిక్కీ ఊడుతుంది తప్ప రెక్క ఊడదు. ఈ ఉత్తరం తపాలాలో వేయకుండా మీ ఊరొచ్చే డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. అమ్మగారు సోమవారం నా షెడ్డుకి వస్తానన్నారు. రెక్క ఎలా ఉందని అడిగితే నేను అబద్ధం చెప్పలేను. మీరు ఎత్తొద్దన్న పేరు ఎత్తాను, ఆవిడకి వేసిన ఒట్టూ తప్పాను, ఇక నా మాట నేనే నమ్మడం లేదు.

మీకు ఇంకా ఏదో అవుతానని అనుకుంటున్న
మేస్త్రి

తా.క.: మొదటినుంచీ అసూయ, అసూయ అని రాశారు. మీకేం తెలుసండీ అసూయంటే? ఈ చుట్టుపక్కల తిరిగే కార్లలో సగానికి రెక్కలు కట్టింది నేను. జుట్టంతా పొడి చేసుకుని నా కోసం ఎవరూ ఒక్కటి చేయలేదు. వెంటనే కారుతో బయల్దేరండి, స్పానరు మర్చిపోకండి.